అద్దం పొయ్యి మీద పాలపొంగు

సబా అల్ సలేంలో మా మామా ఇంటి పాత వంటగదిని కూల్చిన రోజున నేను పెరట్లో కూర్చుని ఏడ్చాను. మామా అంటే నేను వంట చేసే ఇంటి యజమానురాలు. కువైట్ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం అందరం యజమానురాలిని అలాగే పిలుస్తాం, ఆవిడ మనకన్నా చిన్నదైనా సరే. ఆ వంటగదిలో ఐదు మంటల గ్యాసు పొయ్యి ఉండేది. ఒక మంట అగ్గిపుల్ల పెడితేగానీ వెలగదు, ఇంకొకటి వెలిగితే ఆరదు, నడిమి మంట మాత్రం నా మాట వినేది. కాపురానికి వెళ్ళిన కొత్తలో మా అత్తగారి పొయ్యితో కూడా నాకంత చనువు కుదరలేదు. అలాంటిదాన్ని ఇద్దరు మనుషులు మోసుకెళ్ళి లారీలో పడేశారు.

దాని స్థానంలో ఒక నల్లటి అద్దం పలక వచ్చింది. మంట లేదు, పొగ లేదు, తిప్పడానికి మర కూడా లేదు. వేలితో తాకితే ఎర్రటి అంకె వెలుగుతుంది, గిన్నె వేడెక్కుతుంది. మామా దాన్ని చూసి మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కువైట్‌లో నిప్పుకు కరువా? జూలైలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే మరిగే నీళ్ళొస్తాయి. బస్టాపులో ఇనప బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నంత వేగంగానే లేస్తారు. ఉన్న నిప్పంతా ఆకాశానికి వదిలేసి, ఇంట్లోకి అద్దం ముక్క తెచ్చుకున్నారు ఈ మహానుభావులు.

ఈ బాధ చెప్పుకోవడానికి నాకున్నది ఒక్కతే మనిషి. ఆ ఇంట్లో బట్టలూ ఇల్లూ చూసుకునే రాయచోటి పిల్ల. నాది గోదావరి పక్క పల్లె, మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఆమె ఐదు పూటలా నమాజు చేసే మనిషి. మేడ మీద ఇద్దరికీ ఒకటే గది. ఏసీ ఎంతమీద పెట్టాలి, ఊరగాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా, నేను ఉల్లిపాయలు కోస్తూ పాడే క్రైస్తవ గీతాల్లో శ్రుతి ఉందా లేదా, ఇలా మాకు తగువు లేని రోజు లేదు. ఒకరోజు తగువు లేకపోతే, ఒంట్లో బాగోలేదేమోనని ఒకరి నుదురు ఒకరం పట్టి చూసుకునేవాళ్ళం.

“మంటలేని పొయ్యి మీద కూడు ఎట్ల ఉడుకుతాదక్కా?” అంది ఆమె, అద్దాన్ని తుడుస్తూ.

“కరెంటుతో ఉడుకుద్దంట. మన ఊళ్ళో అయితే కరెంటు పోతే పస్తే.”

సరిగ్గా ఆ రోజుల్లోనే మామా చిన్నకూతురికి బళ్ళో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పాతకాలపు జనాలు మొక్కిన నిప్పు దేవుళ్ళు, పొయ్యి దేవతలు, సూర్యదేవుళ్ళు. ఆ పిల్ల మధ్యాహ్నం బడి నుంచి రాగానే ట్యాబ్ పట్టుకుని వంటగదిలో ఎత్తు స్టూలెక్కి కూర్చునేది. మా మధ్య నడిచేది అరబ్బీ, ఇంగ్లీషు, చేతి సైగలు కలగలిసిన పులుసు. అయినా కథకు కావలసినంత అందేది.

గ్రీసులో హెస్టియా అని పొయ్యి దేవత ఉండేదట. నైవేద్యంలో మొదటి ముద్దా ఆమెదే, చివరి ముద్దా ఆమెదే. మిగతా దేవుళ్ళు యుద్ధాలు, ప్రేమలు, పగలు పెట్టుకుని కథల మీద కథలు చేసుకుంటే, ఈమెకు మాత్రం చెప్పుకోదగ్గ కథే లేదట.

“కథెక్కణ్ణించి వస్తుంది? వంటింట్లోంచి బయటికి రానిస్తే కదా,” అన్నాను నేను.

రోములోనైతే పొయ్యి దేవత నిప్పు ఆరకుండా చూడటానికి కన్నెపిల్లల్ని పెట్టేవారట. ముప్పై ఏళ్ళు కొలువు. నిప్పు ఆరితే కొరడా దెబ్బలు.

“ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లోనా! నడుమ ఊరికి పంపిస్తారా లేదా అడుగు,” అంది రాయచోటి పిల్ల. సెలవుల సంగతి ట్యాబ్‌లో లేదు. వెంటనే ఆమెకు గుర్తొచ్చి “తౌబా, తౌబా! ఇన్ని దేవుళ్ళ పేర్లు ఈ చెవులతో వినాల్సి వచ్చె,” అని చెంపలు వేసుకుంది. వేసుకుని, అక్కడే నిలబడి మిగతాది విన్నది.

చైనావాళ్ళ వంటింటి దేవుడు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఏడాది పొడుగునా పొయ్యి మీద బొమ్మలో కూర్చుని ఇంట్లో ఎవరేం చేశారో చూస్తాడట. ఏడాది చివర పైకి వెళ్ళి పెద్దదేవుడికి అన్నీ చేరేస్తాడట. అందుకని వెళ్ళేముందు ఆయన మూతికి తేనో, జిగురు మిఠాయో రాస్తారు. నోరు అతుక్కుపోతే చాడీలు చెప్పలేడని. ఇలాంటివాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారుగానీ వాళ్ళనెవరూ దేవుళ్ళనలేదు.

“మరి మీ ఇండియాలో?” అని అడిగింది చిన్నపిల్ల.

నేను చర్చి మనిషినైనా, దేశం పరువు విషయంలో వెనక్కి తగ్గను. చిన్నప్పుడు మా వీధి అరుగు మీద విన్న కథలు గుర్తుచేసుకున్నాను. మా అగ్నిదేవుడికి రెండు తలలు, ఏడు నాలుకలు, పొట్టేలు వాహనం అని చెప్పాను. యజ్ఞాల్లో పోసిన నెయ్యి తాగీ తాగీ ఆయనకు అజీర్తి చేసిందనీ, మందుగా ఒక అడవికి అడవినే తినేశాడనీ చెప్పాను. ఆ పిల్ల నవ్వి నవ్వి స్టూలు మీంచి జారింది. తరవాత ట్యాబ్‌లో వెతికి, ఇండియాలో పళ్ళూడిపోయిన సూర్యదేవుడు ఒకాయన ఉన్నాడనీ, ఆయనకు జావే నైవేద్యమనీ తనే నాకు చెప్పింది. అది నాకూ తెలియదు. తెలిసినట్టే తలూపాను.

“మీ ఇంట్లో పొయ్యికి దేవుడున్నాడా?” అని మళ్ళీ అడిగింది.

“దేవుడు లేడు. మర్యాద ఉంది,” అన్నాను.

ఆ మర్యాదే కొంప ముంచింది. మా పక్క కొత్త ఇంట్లో, కొత్త పొయ్యి మీద, మొట్టమొదట పాలు పొంగాలి. కాగడం కాదు, పొంగి పొయ్యి మీద పొర్లాలి. పాలు పొంగితే ఇంట్లో సిరి పొంగుతుందని నమ్మకం. మా ఇంటి గృహప్రవేశానికి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే మా అమ్మ తూర్పుముఖంగా పాలు పొంగించింది. పాస్టరుగారు ఆ కాసేపూ పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నట్టు చూసి, ఆ పాలతో చేసిన పరమాన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

ఇదంతా విన్న చిన్నపిల్ల స్టూలు మీంచి దూకింది. “ఇక్కడ చెయ్యి! నేను వీడియో తీస్తాను. నా క్లాసులో ఎవరి దగ్గరా ఇలాంటిది ఉండదు!”

ఆ రోజు గురువారం. మామా దర్జీ దగ్గరికి వెళ్ళింది. మర్నాడు శుక్రవారం భోజనానికి మామా అత్తగారు, అంటే మేం పెద్ద మామా అని పిలిచే ముసలావిడ, తన సంతానాన్నంతా వెంటేసుకుని కొత్త వంటగది చూడటానికి వస్తోంది. ఆ వంటగది దండగ ఖర్చని ఆవిడ అప్పటికే ఊరంతా చాటింది. అందుకే మామాకి పట్టుదల. పొయ్యిని మొదటిసారి ఆ భోజనానికే వెలిగించాలని, అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. ఆ మాట నేను విన్నాను. విన్నా, పాలు పొంగించకుండా ఏకంగా మాంసం ఎక్కిస్తే ఏ పొయ్యి మాత్రం ఊరుకుంటుంది? నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

ముందు తూర్పు ఎటో తేలలేదు. చిన్నపిల్ల ఫోను ఒకవైపు చూపిస్తే నా మనసు ఇంకోవైపు చెప్పింది. చివరికి రాయచోటి పిల్ల తీర్పు చెప్పింది. “ఖిబ్లా ఇట్లుండాది. నేను దినామూ ఇట్లే నిలబడతా. అంటే తూర్పు నా యెనక, ఎడం పక్క. గమ్మున పెట్టు.” అలా మక్కా దిక్కును పట్టుకుని మేం తూర్పును పట్టుకున్నాం.

నా సత్తుగిన్నెలో పాలు పోసి పెట్టాను. అద్దం పలక మిణుకు మిణుకుమని ఊరుకుంది. దానికి ఇనుము తగలాలిట, సత్తు పనికిరాదట. ఎన్నో ఏళ్ళు నా చేతిలో నలిగిన గిన్నెను అది గిన్నెగానే లెక్కచెయ్యలేదు. కోపం దిగమింగి, మామా కొత్త స్టీలు గిన్నె తీశాను. పాలు కాగాయి. మీగడ కదిలింది. అంచులు లేచాయి. “స్తోత్రం!” అన్నాను నేను. “బిస్మిల్లా!” అంది ఆమె. చిన్నపిల్ల ఏదో గ్రీకు దేవత పేరు అరిచింది.

పాలు బ్రహ్మాండంగా పొంగాయి. నాలుగు పక్కలా పొర్లి, అద్దమంతా పరుచుకుని, ఇంకా జిగురు ఆరని అంచుల సందుల్లోంచి లోపలికి దిగిపోయాయి. పొయ్యి కీచుమని అరిచింది. ఎర్ర అంకెలన్నీ ఒక్కసారి వెలిగాయి, ఒక్కసారి ఆరాయి. ఆ తరవాత తుడిచినా, బతిమాలినా, మీట ఆపి మళ్ళీ వేసినా అది ఉలకలేదు పలకలేదు.

“పాలు తాగి సచ్చిపోయినాదక్కా,” అంది రాయచోటి పిల్ల.

మామా వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. “పాలు పెట్టి మరిచిపోయావా?” అని అడిగింది.

“లేదు మామా. పక్కనే నిలబడ్డాను.”

“నిలబడి ఎందుకు దించలేదు?”

“పొంగాలని.”

ప్రపంచంలో ఏ వంటమనిషి అయినా పాలు పొంగిపోతే ఏమరపాటు అని చెప్పుకుంటుంది. నేను మాత్రం ఏమరకుండా పొంగించానని చెప్పుకున్నాను. చిన్నపిల్ల అడ్డం వచ్చి తప్పు తనదంది, రాయచోటి పిల్ల తూర్పు చూపించింది తనే అంది. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకున్నాం, కానీ పొయ్యి నాది కదా.

“ఖలాస్,” అంది మామా. “ఎల్లుండి నువ్వు జహ్రాలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళు. అక్కడ పాత పొయ్యే ఉంది, నీ ఇష్టం వచ్చినట్టు పొంగించుకో.” అప్పుడే చెల్లెలికి ఫోను కూడా చేసేసింది. తరవాత గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకుంది. రేపు అత్తగారి ముందు తలెత్తుకోలేనన్నది ఆవిడ బాధ. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం అంటారే, ఆ దుత్తను నేను.

జహ్రా అంటే ఊరికి పడమటి కొస. ఇక్కణ్ణించి చాలా దూరం. నన్ను పంపాలనుకుంటే నన్ను అడిగే పని లేదు. గిన్నెను ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి ఇచ్చినట్టే. కొత్త ఇల్లు, కొత్త మామా, ఆరుగురు పిల్లలు, అవేవీ నాకు భయం కాదు. రాయచోటి పిల్ల ఉండదు. అదొక్కటే భయం. ఈ దేశంలో నా మనిషి అనుకోవడానికి నాకున్నది ఆమె ఒక్కతే.

ఆమె మాత్రం ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నేరుగా గదిలోకి వచ్చి, బీరువా మీంచి నా పెట్టె దించి సర్దడం మొదలుపెట్టింది. నేను సాయానికి వెళ్తే చెయ్యి పట్టి బయటికి నెట్టింది.

“నువ్వు పోయి రేపటి మాంసం సంగతి చూసుకోపో. ఇది నేను చూసుకుంటా.”

“అంత తొందరేంటే? నేనెప్పుడెల్తానా అని చూత్తున్నావా?” అన్నాను.

“అవును, చూస్తాండా,” అంది, తలెత్తకుండానే. నేను తలుపు విసిరికొట్టి కిందికి దిగాను.

సాయంత్రమైనా మామా తలుపు తియ్యలేదు. చిన్నపిల్ల ట్యాబ్ పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. “జపానులో ఇలాగే జరిగింది,” అంది. అక్కడ సూర్యుడు ఆడదేవత అట. తమ్ముడి ఆగడాలకు అలిగి గుహలో దూరి బండ అడ్డం పెట్టుకుందట. లోకమంతా చీకటి. దేవుళ్ళందరూ గుహ ముందు చేరి, ఒక దేవత బోర్లించిన తొట్టి మీదెక్కి చిందులు వేస్తే పగలబడి నవ్వారట. నేను లేకుండా వీళ్ళకేం నవ్వొచ్చిందని ఆమె సందులోంచి తొంగిచూసిందట. ఎదురుగా అద్దం పట్టుకుని బయటికి లాగేశారట.

“మనకూ ఒక అద్దం కావాలి,” అంది ఆ పిల్ల.

“కింద ఉండాది గదా, పాలు తాగింది,” అంది రాయచోటి పిల్ల.

ఆ పిల్ల బతిమాలి బతిమాలి ఆమెను ఒప్పించింది. ఎందుకంటే ఆమె దగ్గర ఒక విద్య ఉంది. పెద్ద మామాను అచ్చుగుద్దినట్టు దించేస్తుంది. ఎన్నోసార్లు మా గదిలో తలుపులు వేసుకుని నన్ను నవ్వించి చంపింది. బట్టల టబ్బును మామా తలుపు ముందు బోర్లించి, నల్ల దుప్పటి కప్పుకుని, మాపు కర్ర చేతపట్టి ఎక్కింది. గాలిని వాసన చూసింది. గోడ మీద వేలు రాసి దుమ్ము వెతికింది. దొరక్కపోతే నిట్టూర్చింది. లేని పళ్ళెంలోంచి లేని ముద్ద తీసి, నోట్లో పెట్టుకోకముందే “ఉప్పు లేదు” అంది. ఆమె మీద అంత కోపంతో ఉన్న నేను కూడా గోడ పట్టుకుని నవ్వాను. చిన్నపిల్ల నేల మీద దొర్లింది.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులో ఒక కన్ను కనబడింది. రాయచోటి పిల్ల టబ్బు మీదే కొయ్యబారిపోయింది. యజమానురాలి అత్తగారిని వెక్కిరిస్తూ దొరికిపోయాక ఇంకేం మిగిలింది?

“కర్ర ఆ చేత్తో కాదు,” అంది ఆ కన్ను. “ఎడమ చేత్తో పట్టుకుంటుంది.”

ఆమె చెయ్యి మార్చింది.

“ఇప్పుడు కుర్చీలో కూర్చోవడం చూపించు.”

చూపించింది. మామా బయటికొచ్చి, గోడకు జారగిలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నవ్వు ఆగాక మొహం తుడుచుకుని నన్ను అడిగింది, రేపటి వంట ఎలా చేస్తావని. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి వాడే పెద్ద గ్యాసు పొయ్యి కొట్టుగదిలో ఉంది, పెరట్లో వండుతానన్నాను. సరేనంది.

“మరి జహ్రా?” అని అడిగింది చిన్నపిల్ల.

“జహ్రా జహ్రానే. చెల్లెలికి మాటిచ్చాను.” మామా మాటంటే మాటే.

శుక్రవారం పొద్దున్న పెరట్లో నిజమైన మంట ముందు కూర్చున్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. మచ్బూస్‌కి, అంటే ఇక్కడి పులావుకి, మాంసం ఎక్కించాను. చిన్నపిల్ల వచ్చి చెవిలో ఊదింది. “పెద్ద మామా వంటగది చూసి పొయ్యి ఎందుకు వెలగలేదంటుంది. ఊరంతా చెప్తుంది. చైనా దేవుడికి పెట్టిందే పెడదాం.” మా తీర్థాల్లో అమ్మే, పళ్ళకు అతుక్కునే నువ్వుల జీడి గుర్తొచ్చింది నాకు. బెల్లం లేదు, ఖర్జూరపు పాకం ఉంది. ఆ పెద్ద మంట మీద పాకం కాస్త ముదిరింది. కావాలనే ముదరనిచ్చానని రాయచోటి పిల్ల అంటుంది. మంట కొత్తది, చెయ్యి పాతది, అంతకన్నా నేనేం చెప్పను.

పెద్ద మామా రాగానే అరబ్బీ కాఫీతో పాటు జీడి పెట్టాం. ఆవిడకు తీపి అంటే ప్రాణం. పెద్ద ముక్కే వేసుకుంది. అంతే, ఆవిడ కట్టుడు పళ్ళు పైవీ కిందవీ కలిసి ఒకటైపోయాయి. మామా ఆవిడను వంటగదంతా తిప్పింది. ఆవిడ కర్రతో చల్లటి పొయ్యిని చూపించి “మ్మ్... మ్మ్?” అంది. “బాగుంది కదా అత్తమ్మా,” అంది మామా. ఆవిడ ఇంకా గట్టిగా “మ్మ్!” అంది. నచ్చిందని అనుకుని చుట్టాలందరూ మెచ్చుకోళ్ళు మొదలుపెట్టారు. ఒక మనవరాలైతే మామ్మకు ఇంకా కావాలేమోనని ఇంకో ముక్క తెచ్చింది.

ఆ నోరు విడేసరికి భోజనాలు వడ్డించేశాం. పెద్ద మామా మచ్బూస్ తిన్నది, మళ్ళీ తిన్నది. ఉప్పు మాట ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, పళ్ళు సర్దుకుని, అప్పుడు నోరు విప్పింది.

“ఈ వంటమనిషిని నాకిచ్చెయ్యి.”

“అవును, ఈమె ఎలాగూ రేపు జహ్రాకి వెళ్ళిపోతోందట కదా,” అన్నారెవరో. నేను గుమ్మం దగ్గర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాను. జహ్రా పోయి ఇంకో ఇల్లు వచ్చింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అనుకున్నాను.

మామా నా వైపు చూడలేదు. అత్తగారి వైపే చూసింది. పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ అడిగింది ఏదీ ఈవిడ ఇష్టంగా ఇచ్చి ఎరగదు.

“ఎవరన్నారు?” అంది తొణక్కుండా. “ఈమె ఎక్కడికీ పోదు. నా వంటగది నాకు కొత్త. చూసుకోవడానికి మనిషి కావద్దా?”

అద్దం పొయ్యిని తరవాతి వారం బాగుచేశారు. ఇప్పటికీ నేను దాని మీద పాలు పెడితే చాలు, మామా ఎక్కడున్నా వచ్చి నా పక్కన గుడ్డ పట్టుకుని నిలబడుతుంది.

ఆ శుక్రవారం సాయంత్రం చుట్టాలు వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. పెట్టె మంచం మీద సిద్ధంగా ఉంది. విప్పి సర్దుకుందామని ఎత్తితే లేవలేదు. నా బట్టలకి ఇంత బరువెక్కడిది? తెరిచాను. పైన నా చీరలు, నా బైబిలు. వాటి కింద రాయచోటి పిల్ల సల్వార్లు, ఆమె దువ్వెన, వెల్లుల్లి వేసిన ఆమె ఊరగాయ సీసా, అన్నిటికన్నా అడుగున ఆమె నమాజు చాప.

అంతలో ఆమె బట్టల మూట తీసుకుని లోపలికొచ్చింది.

“ఇవెందుకే నా పెట్టెలో?”

“నా పెట్టెకు జిప్పు పోయింది గదా.”

“నువ్వెక్కడికెల్దామనే?”

“నీతోనే. జహ్రాకి.”

“మామాకి చెప్పావా?”

“చెప్పలా. కారెక్కినాక చెప్దామనుకున్యా.” మూట మంచం మీద పడేసి మొహం అటు తిప్పుకుంది. “నువ్వు పోతే ఈడ నేను ఎవురితో కొట్లాడేది?”

నాకు ఏడుపు ఆగలేదు. పొయ్యి కోసం ఏడ్చినట్టు కాదు, వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను పంపించడానికి తొందరపడుతోందని ఆమె మీద ఒకరోజంతా కోపం పెట్టుకున్నానే అని ఏడ్చాను. ఆమె “గమ్మునుండక్కా, ఆ శ్రుతిలేని పాటలే నయం” అంది. అప్పుడే బయట మసీదులో అజాన్ మొదలైంది. పెట్టె అడుగు నుంచి చాప తీసి ఆమె చేతికిచ్చాను.